పాత మోటారుకు అసలు నిప్పురవ్వ

పాత మోటారు కారును తిరిగి నిలబెట్టడం కలవారి కాలక్షేపమని మనలో చాలమంది అభిప్రాయం. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాంగణంలో పసుపుపచ్చని రోల్స్ రాయిస్‌ను చూచి వచ్చిన విద్యార్థులకు ఈ అభిప్రాయం మరింత గట్టిపడి ఉంటుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆ బండిని తెప్పించదలచి 1911లో ఉత్తరువు ఇచ్చారు. అది చేరకముందే, ఆ యేడే, ఆయన కన్నుమూశారు. బండి ఏడవ నిజాం ఏలుబడిలో హైదరాబాదుకు వచ్చింది. సందర్శకులు దాని రంగును, సింహాసనం వంటి ఆసనాన్ని చూచి ముచ్చటపడి ముందుకు సాగిపోతారు. ఇంజను మూత కింద ఏమున్నదని అడిగేవారు అరుదు. ఆ తరగతి బండ్లకు ఆరు సిలిండర్లు, సిలిండరుకు రెండేసి ప్లగ్గులు ఉండేవి. ఒక వరుస ప్లగ్గులకు మాగ్నెటో నుండి, రెండవ వరుసకు బ్యాటరీతో పనిచేసే ట్రెంబ్లర్ కాయిలు నుండి నిప్పు అందేది. ఒకటి మొరాయించినా రెండవది బండిని నడిపిస్తుంది. అంతటి నిర్మాతలకే తమ నిప్పుమీద పూర్తి నమ్మకం కుదరని రోజులవి.

మేము ఈ వ్యాసంలో విచారింపదలచినది నిజాం ప్రభువుల వాహనం కాదు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు కరీంనగర్ జిల్లాలో, ఆ తరువాత సిద్దిపేట జిల్లాలో చేరిన మన హుస్నాబాదులోనూ, చుట్టుపట్ల పల్లెలలోనూ దొడ్డివెనుక రేకుల కింద నిలిచిపోయిన అంబాసిడర్లు, జీపులు, లాంబ్రెట్టాలు, రాజ్‌దూత్‌లు మా విషయం. వాటిని ఇప్పుడు మనుమలు బయటికి తీస్తున్నారు. పెద్దాయన పోయిన తరువాత ఆయన నడిపిన బండిని ఇనుప సామానుకు అమ్మడానికి మనసొప్పక, తిరిగి నడిపించాలని పూనుకొంటున్నారు. ఇట్టివారికి రేకు దొరుకుతుంది, రంగు దొరుకుతుంది, సీటు కుట్టేవాడు దొరుకుతాడు. దొరకనిది నిప్పు. ఆ బండి పుట్టినప్పటి పాయింట్లు, కండెన్సరు, కాయిలు, డిస్ట్రిబ్యూటరు దొరకవు. దొరికినవి దానివి కావు.

నిప్పు కథను క్లుప్తంగా చెప్పుకొందాం. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులు మాత్రమే. ప్లగ్గు మొనల నడుమ సందును దూకి పెట్రోలు ఆవిరిని అంటించాలంటే వేల వోల్టులు కావాలి. కాయిలులో రెండు తీగచుట్లు ఉంటాయి. ఒకటి లావు తీగతో కొద్ది చుట్లు, రెండవది వెంట్రుక వంటి తీగతో వేల చుట్లు. లావు తీగలో పారే కరెంటును చటుక్కున తెంచితే సన్నతీగలో వేల వోల్టులు పుడతాయి. ఆ తెంచే పని సి.బి. పాయింట్లది. పాయింట్ల మధ్య మెరుపు సాగకుండా, తెంపు కచ్చితంగా జరిగేటట్లు చూచేది కండెన్సరు. పుట్టిన నిప్పును సిలిండర్లకు వరుస తప్పకుండా పంచేది డిస్ట్రిబ్యూటరు. అంబాసిడరు పెట్రోలు ఇంజనులో ఆ వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు ఆ చిన్న పాయింట్లు సెకనుకు నూరుమార్లు తెరచి మూసుకొంటాయి. వాటి మధ్య ఉండవలసిన సందు 0.36 నుండి 0.41 మిల్లీమీటర్లు. ప్లగ్గు సందు ఇంచుమించు 0.64. హ్యాక్‌సా బ్లేడు మందం కూడ దాదాపు అంతే కనుక, మన మిస్త్రీలు విరిగిన బ్లేడు ముక్కతో ప్లగ్గు సందు సరిచూడడం వెనుక మంచి లెక్కే ఉన్నది. దానిని మొరటు పద్ధతి అని నవ్వేవారు ఒకసారి కొలిచి చూడాలి.

ఈ భాగాలు ఎట్లా పోయినవి? పాతబడి పోయినవి కొన్నే. ఎక్కువభాగం ఊడదీయబడి పోయినవి. 1980 ప్రాంతంలో అంబాసిడరు డీజిల్ రూపంలో వచ్చింది. అప్పటికే, ఆ తరువాతనూ, పెట్రోలు ఖర్చుకు తాళలేక కార్లకు, జీపులకు డీజిల్ ఇంజన్లు బిగించడం మన జిల్లాలలో ఒక ఒరవడిగా సాగింది. డీజిల్ ఇంజనులో గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. దానికి ప్లగ్గు లేదు, కాయిలు లేదు, డిస్ట్రిబ్యూటరు లేదు. కావున పాత ఇంజనుతోపాటు అవన్నీ తూకానికి పోయినవి. సర్కారు జీపులు వేలంలో చేతులు మారి మారి, ఏ భాగం ఏ బండిదో తెలియని స్థితికి వచ్చినవి. తరువాత వాయు కాలుష్య నిబంధనలు కఠినమైన కొద్దీ కొత్త బండ్లలో పాయింట్ల స్థానాన్ని ఎలక్ట్రానిక్ పరికరాలు ఆక్రమించాయి. పాయింట్లను రాకి, సందు కట్టి, చెవితో టైమింగు సరిచేసే విద్యకు గిరాకీ తగ్గింది. దుకాణదారు అమ్ముడుపోని సరుకును ఎంతకాలమని అలమరలో ఉంచుతాడు?

ఇక్కడ ఒక ప్రశ్న ఉన్నది. పాత బండికి అసలు భాగం ఏది? పాతదైన ప్రతి భాగమూ అసలుది కాదు. తెలుగు బోధించే మావంటి వారికి ఈ చిక్కు కొత్తది కాదు. తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు ఏది ప్రాచీనమో చూచి ఊరుకోడు. ఈ గ్రంథానికి, ఈ పద్యానికి ఏ పాఠం పొసగుతుందో విచారిస్తాడు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి ప్రతులను సరిపోల్చి చూపించింది ఇందుకే. ఒక ప్రతిలోని మంచి పాఠాన్ని మరొక గ్రంథంలో చొప్పిస్తే అది పరిష్కరణ కాదు, ప్రక్షిప్తం. మోటారు విషయంలోనూ అంతే.

మా పూర్వ విద్యార్థి ఒకరి ఇంట 1967 నాటి అంబాసిడరు ఉన్నది. తాతగారు దానిలో కరీంనగరు కచేరీకి వెళ్ళి వచ్చేవారట. ఇంజను అదే, డిస్ట్రిబ్యూటరు మాత్రం లేదు. ఈ యువకుడు పట్టణంలో ఒక వ్యాపారి వద్ద హెచ్చు వెల పెట్టి ఇంగ్లండు ముద్ర ఉన్న లూకాస్ డిస్ట్రిబ్యూటరు కొని తెచ్చాడు. చూపులకు అచ్చం అదే. బిగించగా బండి కదిలింది కాని, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను టకటక కొట్టుకోసాగింది. పెట్రోలు నాసిరకమని కొందరు, కార్బన్ పట్టిందని కొందరు అన్నారు. మన ఊరి వృద్ధ మిస్త్రీ ఒకాయన దానిని విప్పి, గుడ్డతో తుడిచి, అంకెలు చదివించి, ‘ఇది ఈ బండిది కాదు బేటా, దీని స్ప్రింగులు వేరు’ అన్నారు.

ఆయన మాటలో శాస్త్రం ఉన్నది. ఇంజను వేగం హెచ్చిన కొద్దీ నిప్పు కొంచెం ముందుగా పడాలి. డిస్ట్రిబ్యూటరు లోపలి రెండు బరువులు బయటికి జరిగి, స్ప్రింగులను లాగి, ఆ ముందడుగు వేయిస్తాయి. పక్కనున్న గుండ్రని వాక్యూమ్ డబ్బా ఇంజను మోసే బరువునుబట్టి ఇంకొంత సవరిస్తుంది. బయటి పోత ఒక్కటే అయినా ఏ బండికి ఆ బండికి స్ప్రింగులు, బరువులు, వాక్యూమ్ డబ్బా వేరువేరుగా అమర్చి పంపేవారు. లూకాస్ వారి పాత డిస్ట్రిబ్యూటరు ఒంటిమీద నమూనా పేరు, భాగం సంఖ్య, తయారైన కాలాన్ని తెలిపే అంకెలు కొట్టి ఉంటాయి. వాక్యూమ్ డబ్బామీద మూడు అంకెలు ఉంటాయి. ఎంత వాక్యూమ్ వద్ద కదలిక మొదలవుతుంది, ఎంతవద్ద ముగుస్తుంది, మొత్తం ఎన్ని డిగ్రీలు అనేవి ఆ మూడింటి అర్థం. ఇవే దాని పీఠిక, గద్య. వీటిని చదవకుండా ముద్ర చూచి కొనేవాడు అట్ట చూచి పుస్తకం కొనేవాని వంటివాడు.

ఆ అంకెలకంటె ముఖ్యమైన మాట మరొకటి చెప్పాలి. లూకాస్ టీవీఎస్ సంస్థ 1961లో మద్రాసులో నెలకొన్నది. దాని పాడి కర్మాగారంలో తయారైన కాయిళ్ళు, డిస్ట్రిబ్యూటర్లు మన దేశపు బండ్లలో చేరాయి. బెంగుళూరులో 1951లో మొదలైన మైకో సంస్థ ప్లగ్గులు ఊరూరా దొరికేవి. కావున 1967 నాటి అంబాసిడరుకు అసలు భాగం ఏదంటే, చాలవరకు పాడిలో పోసినదే. విలాయతీ ముద్ర ఉన్నదానిని తెచ్చి బిగించి, ‘ఇదే అసలు’ అని చెప్పుకోవడం చరిత్రను దిద్దడమే అవుతుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై పుట్టినా, ఉత్తరపాడలో రూపు దిద్దుకొన్న ఆ బండి మన దేశంలో 2014 వరకు తయారైంది. అది ఇంగ్లండు బండికి పేద నకలు కాదు. దానికి తనదైన చరిత్ర ఉన్నది, తనదైన భాగాలు ఉన్నాయి. పాత బండ్లను పోషించే పెద్దలలో సైతం దేశవాళీ భాగాన్ని నామోషీగా తలచి, విదేశాలనుండి తెప్పించుకోవడమే ఘనతగా చెప్పుకొనే అలవాటు కనబడుతున్నది. మేము దీనిని ఒప్పుకోము.

పైన చెప్పిన మిస్త్రీగారి కొట్టులో ఒక డాల్డా డబ్బా ఉన్నది. అందులో పాయింట్లు, రోటర్లు, పగిలిన మూతలు, పేరు తెలియని స్ప్రింగులు ముప్పయి నలభై యేళ్ళుగా పోగుపడి ఉన్నాయి. ఆ యువకుడు హైదరాబాదులో రాణీగంజ్, పుత్లీబౌలీ తిరిగి, విజయవాడ ఆటోనగరులో రెండు రోజులు గడిపి, మద్రాసు పుదుపేటకు సైతం మనిషిని పంపించి వెదకిన దాని ఒళ్ళు ఆ డబ్బా అడుగున దొరికింది. పాడి ముద్ర, ఆ కాలపు అంకెలు, నూనె జిడ్డు కింద భద్రంగా ఉన్నాయి. పెద్ద బజార్లు వ్యర్థమని మా భావం కాదు. బంపర్లకు, గేరు పెట్టెలకు అక్కడికి పోక తప్పదు. పాయింట్లు, స్ప్రింగులు అరచేతిలో పట్టే వస్తువులు. వాటిని తూకానికి వేస్తే పైసలు రావు గనుక మిస్త్రీ పారవేయక డబ్బాలో వేసుకొంటాడు. వెదుకులాట అక్కడినుండే మొదలుకావాలి.

కొనేవారు జాగ్రత్తపడవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. పాత కంపెనీ అట్టపెట్టెలో కొత్త నకిలీ సరుకు పెట్టి అమ్మడం అన్ని బజార్లలోనూ ఉన్నది. పెట్టెను అచ్చు వేయించడం తేలిక, లోహం మీద అంకెను లోతుగా కొట్టడం అంత తేలిక కాదు. రోటరు, మూత కొన్నప్పుడు వెలుతురుకు పట్టి, సన్నని నల్లగీత ఉన్నదేమో చూడాలి. ఆ గీత వెంబడి నిప్పు తోవ తప్పుతుంది. 6 వోల్టుల బండికి 12 వోల్టుల కాయిలు పనికిరాదు. పూర్వపు ఇంగ్లీషు బండ్లలో బ్యాటరీ ధన ధ్రువాన్ని ఒంటికి కలిపేవారు. ఆ సంగతి మరచి కాయిలు తీగలను తారుమారుగా కలిపితే బండి నడుస్తుంది కాని నిప్పు నీరసిస్తుంది. పాయింటు మడమకు చిటికెడు గ్రీజు పూయకపోతే ఎంత అసలు పాయింటైనా అరిగి, సందు మూసుకొనిపోతుంది.

కండెన్సరు సంగతి వేరు. దాని లోపల ఉన్నది రేకు, కాగితం చుట్ట. బిగించినా, బిగించకపోయినా కాలం గడిచిన కొద్దీ తేమకు అది చెడుతుంది. 1967 నాటి కండెన్సరు పెట్టె తెరవకుండా దొరికినా, అది పనిచేస్తుందని నమ్మరాదు. ఇక్కడ పట్టుదల పనికిరాదని మా అభిప్రాయం. పాత డొక్కును ఉంచి, లోపల కొత్త కండెన్సరు అమర్చడం ఉత్తమం. అయితే ఆ పని చేసినట్లు రాసిపెట్టాలి. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ ఒడంబడిక కూడ, మార్చిన భాగాలు మార్చినట్లు గుర్తుపట్టే విధంగా ఉండాలనే చెబుతుంది. జీర్ణమైన తాళపత్రానికి కొత్త ఆకు అతికితే అతికినట్లు తెలియనివ్వడమే నిజాయితీ.

పాయింట్లు తీసివేసి, పాత మూత కిందనే ఎలక్ట్రానిక్ పరికరం దాచిపెట్టవచ్చు గదా అని విజ్ఞానశాస్త్ర విద్యార్థులు అడుగుతారు. బండి సుళువుగా స్టార్టవుతుంది, సందు కట్టే బాధ ఉండదు, బయటికి ఎవరికీ కనబడదు. వారు చెప్పినది నిజమే. రోజూ ఆసుపత్రికి, బడికి ఆ బండిలోనే పోయేవారు అట్లా చేసికొంటే మేము తప్పుపట్టము. తీసిన పాయింట్లను గుడ్డలో చుట్టి బండిలోనే ఉంచితే చాలు, రేపు తిరిగి బిగించవచ్చు. పరికరం పట్టడం కోసం డిస్ట్రిబ్యూటరు ఒంటికి రంధ్రాలు తొలవడం మాత్రం క్షమించరానిది. ఇక ‘నా బండి యథాతథం’ అని ప్రదర్శనకు తెచ్చేవారు లోపల చిప్పు దాచడం తగదు. ప్రభుత్వపు కొలబద్ద ఈ విషయంలో కొంత వదులు. 2021 జూలైలో కేంద్రం వెలువరించిన నిబంధనల ప్రకారం 50 యేళ్ళు దాటి, మౌలిక రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు లేని రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, తిరిగి చేయించుకోవడానికి 5,000 రూపాయలు రుసుము. పాయింట్లు, కాయిలు ఆ నిబంధనలో పేరెత్తి చెప్పబడలేదు. చట్టం అడగని దానిని మన మనస్సాక్షి అడగాలి.

ఇప్పుడు కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. డిగ్రీ కళాశాలకు మోటారు పాయింట్లతో పని ఏమని వారు అనవచ్చు. పని ఉన్నది. అది మొదట భాషతో పని. దుకాణంలో భాగం దొరకాలంటే దాని పేరు తెలియాలి. ఆ పేరు పుస్తకంలోని పేరు కాదు. ఉర్దూ, హిందీ మాట్లాడే మిస్త్రీల నోట డిస్ట్రిబ్యూటరుకు ‘డెల్కో’ అనే మాట వినబడుతుంది. అది అమెరికాలోని డేటన్ నగరంలో 1909లో చార్లెస్ కెటరింగ్ మొదలైనవారు స్థాపించిన సంస్థ పేరు. 1912 నాటి కాడిలాక్ బండ్లకు బ్యాటరీ నిప్పును, సెల్ఫ్ స్టార్టరును అందించింది ఆ సంస్థే. వనస్పతి డాల్డా అయినట్లు, పంచే పరికరం డెల్కో అయింది. మన కొట్లలో ‘కరెంటు వస్తలేదు’ అంటే ఇంట్లో దీపం సంగతి కాదు, ప్లగ్గుకు నిప్పు అందడం లేదని అర్థం. పానా, పేచ్‌కస్, ఉస్తాద్, మిస్సింగు — ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు ఒకే కొట్టులో, ఒకే నోట కలిసి బ్రతుకుతున్న భాష ఇది. మన పత్రికలో ఉర్దూ పుటలు ఒక అట్టనుండి, తెలుగు పుటలు ఇంకొక అట్టనుండి మొదలవుతాయి. మిస్త్రీ మాటలో ఆ రెండు అట్టలు లేవు.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూర్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లోను, రెండవది చేనేత పదాలతో 1971లోను వెలువడ్డాయి. నాగలి మాటలను, మగ్గం మాటలను ఆ విధంగా కాపాడుకొన్నాం. మోటారు కొట్టు మాటలను ఎవరు రాస్తారు? పెద్ద వస్తువులను పెద్ద సంస్థలు చూచుకొంటాయి. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకదానిని ఆర్టీసీవారు భద్రపరచారు, సంతోషించదగినదే. మన మిస్త్రీగారి డబ్బాను భద్రపరచే సంస్థ లేదు. ఆయనకు డెబ్బయి దాటింది, కొడుకులు గల్ఫులో ఉన్నారు, కొట్టు స్థలానికి బేరం వచ్చింది.

గ్రంథాలయం పక్క గదిలో ఒక గాజు అలమర, ఒక పెద్ద రిజిస్టరు ఇప్పించవలసినదని కమిటీని కోరుతున్నాం. ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులు ఇద్దరిద్దరుగా కొట్లకు వెళ్ళి, ప్రతి భాగం పేరును ఉభయ లిపులలో, దానిమీది అంకెలతో సహా రాసుకొని వస్తారు. మిస్త్రీలు పని మాని మాట్లాడే గంటకు కూలి కట్టి ఇవ్వాలి. వారి విద్యను ఉచితంగా తీసుకోవడం మర్యాద కాదు. భౌతికశాస్త్ర విభాగంవారికి కాయిలు, కండెన్సరు పాఠం చెప్పడానికి ఇంతకంటె మంచి పరికరం ఉండబోదు.

1967 అంబాసిడరుకు వాక్యూమ్ డబ్బా ఇంకా దొరకలేదు. మిస్త్రీగారి డబ్బాలోనిదాని మీద అంకెలు అరిగిపోయాయి, లోపలి పొర చినిగి ఉన్నది. మీ ఇంటి అటకమీద, గొడ్ల కొట్టం మూలన, పాత పనిముట్ల సంచిలో ఇట్టిది కనబడితే గరుకు కాగితంతో రుద్దకండి, రంగు పూయకండి. మెత్తని గుడ్డతో తుడిచి, దానిమీది మూడు అంకెలను ఉన్నవి ఉన్నట్లు కాగితం మీద రాసి తెలుగు విభాగంలో ఇవ్వండి.